ములుగు పిల్లల నలభై ఒక్క ప్రశ్నలు: పాఠశాల విద్యా శాఖ సంచాలకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పాఠశాల విద్యా శాఖ సంచాలకులు గారికి,

నమస్కారాలు. నేను ములుగు జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. 2024 డిసెంబర్ 4, బుధవారం ఉదయం 7 గంటల 27 నిమిషాలకు మా జిల్లా అడవుల కింద నేల కదిలింది. భూకంప పరిమాణం 5.3 అని ఆ తరువాత తెలిసింది. ఆ సమయానికి నేను ఇంట్లో చాయ్ గ్లాసు పట్టుకొని నిలబడి ఉన్నాను. మొదట బీరువా తలుపు టకటకమంది. లోపల ఎలుక దూరిందనుకున్నాను. ఆరేడు సెకన్ల తరువాత నేలను ఎవరో పక్కకు గుంజినట్టయింది. గ్లాసులో చాయ్ అంచు దాటి చేతి మీద పడింది. మా ఆవిడ పిల్లలను లాక్కొని వాకిట్లోకి పరుగెత్తింది. నేను ఉన్నచోటే నిలబడిపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేసుకున్నాను. బీరువా తలుపును కదిపింది ముందుగా వచ్చే ప్రాథమిక తరంగం. నేలను గుంజింది దాని వెనుక వచ్చే ద్వితీయ తరంగం. రెండింటి మధ్య ఎన్ని సెకన్లు గడిచాయో చూసి, దాన్ని సుమారు ఎనిమిదితో గుణిస్తే భూకంపం పుట్టిన చోటు మనకు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. ఏడు ఎనిమిదులు యాభై ఆరు. నలభై కిలోమీటర్ల లోతున, మేడారం అడవుల పరిసరాల్లో భూకంపం పుట్టిందని మరునాడు పత్రికల్లో చదివినప్పుడు, నా వంటింటి లెక్క మరీ తప్పు కాదని తెలిసి ఒళ్ళు జలదరించింది. అనుదైర్ఘ్య తరంగాలు, తిర్యక్ తరంగాలు అని ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద రాస్తూ వచ్చినవాణ్ణి. అవి నా కాళ్ళ కిందినుంచి వెళుతుంటే గుర్తుపట్టలేకపోయాను. గుర్తుపట్టి ఉంటే ఆ ఆరేడు సెకన్లలో నా పిల్లలను బల్ల కిందికి పంపేవాణ్ణి.

ఈ లేఖ ఆ ఆరేడు సెకన్ల గురించే.

ఆ రోజు బడికి పిల్లలు వచ్చారు గానీ ఎవరూ తరగతి గదుల్లోకి వెళ్ళలేదు. వేపచెట్టు కింద గుంపులుగా నిలబడ్డారు. నేను వెళ్ళేసరికి చుట్టూ మూగారు. "సార్, మళ్ళీ వస్తుందా?" "రాత్రి వస్తే ఏం చేయాలి సార్?" "చెరువు కట్ట తెగుతుందా?" మేడారంలో అమ్మవార్ల గద్దెలు కదలడం సీసీ కెమెరాలో పడి, ఆ వీడియో అప్పటికే ప్రతి ఫోనులోనూ తిరుగుతోంది. "తల్లులకు కోపం వచ్చిందంటున్నారు, నిజమేనా సార్?" అని ఏడో తరగతి పిల్ల అడిగింది. అంతకు మూడు నెలల ముందే, ఆగస్టు 31న, తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేలాది చెట్లు ఒక్కసారిగా నేలకూలాయి. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఊళ్ళో చాలామంది నమ్మారు. చెట్లు పోవడంతో నేల పట్టు తప్పిందని కొందరు, చెట్లు కూలడమే భూకంపానికి ముందస్తు సంకేతమని మరికొందరు. చెట్లను కూల్చింది గాలి. నలభై కిలోమీటర్ల లోతున రాయి పగలడానికి, చెట్ల వేళ్ళు పట్టుకున్న రెండు మూడు మీటర్ల మట్టికీ ఏ సంబంధమూ లేదు. ఇది నేను చెప్పగలిగాను. చెప్పలేనివి చాలా మిగిలాయి.

మిగిలినవాటిని ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకంలో రాయించాను. ఆ రోజు, మరునాడు కలిపి నలభై ఒక్క ప్రశ్నలయ్యాయి. వాటిలో పంతొమ్మిదింటికి నాకు తెలిసిన సమాధానం చెప్పాను. మరో పదింటికి పుస్తకాలు తిరగేసి చెప్పాను. పన్నెండు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

కొన్ని వారాల తరువాత ఒక అవగాహన కార్యక్రమం జరిగింది. నగరం నుంచి ఒక బృందం వచ్చింది. హాలులో మూడు వందల మంది పిల్లలను నేల మీద కూర్చోబెట్టారు. గంటసేపు తెర మీద బొమ్మలు చూపించారు. ప్రపంచ పటం మీద భూమి పైపొరలోని పలకల అంచులు, జపాన్, చిలీ, హిమాలయాలు. బల్ల కిందికి దూరండి, తల కాపాడుకోండి అన్నారు. నా నోటు పుస్తకం చేతిలో పట్టుకొని ముందు వరుసలోనే కూర్చున్నాను. ప్రశ్నల సమయం వచ్చేసరికి వాళ్ళ వాహనం బయలుదేరే వేళయింది. బ్యానరు పట్టుకొని ఫోటో దిగాం. వాళ్ళు మంచివాళ్ళే, చెప్పింది కూడా తప్పు కాదు. కానీ మా పిల్లలు నేల మీద కూర్చుంటారు. ఆరు, ఏడు తరగతుల గదుల్లో బల్లలే లేవు. దేని కిందికి దూరాలో ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

అయ్యా, నేను కోరేది మరో అవగాహన సదస్సు కాదు. భూమిని చదివే శాస్త్రవేత్తకూ, పిల్లలను చదివే ఉపాధ్యాయుడికీ మధ్య ఏళ్ళ తరబడి నిలిచే జోడీ కావాలి. నేల సంగతి శాస్త్రవేత్తకు తెలుసు. గది సంగతి నాకు తెలుసు. ఏ గది గోడకు బీట ఉందో, ఏ తలుపు లోపలికి తెరుచుకుంటుందో, ఏ పిల్లవాడు ఉరుముకు కూడా ఏడుస్తాడో నాకు తెలుసు. ఈ రెండు తెలివిడులూ ఒకచోట కూర్చుంటేనే మా గదికి సరిపోయే పాఠం తయారవుతుంది.

మనకు దూరమేమీ లేదు. 1961లో స్థాపించిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉప్పల్‌లోనే ఉంది. దేశంలో ఎక్కడ నేల కదిలినా ఆ సంస్థ శాస్త్రవేత్తలను అడుగుతారు. 2020 జనవరిలో పులిచింతల చుట్టుపక్కల, అటు కృష్ణా ఇటు సూర్యాపేట పల్లెలు వరుస ప్రకంపనలతో రాత్రిళ్ళు ఆరుబయట గడిపినప్పుడు అక్కడ యంత్రాలు పెట్టి కూర్చున్నది వాళ్ళే. అదే ఏడాది అక్టోబరులో బోరబండలో భూమిలోంచి చప్పుళ్ళు వస్తున్నాయని జనం వీధుల్లోకి వచ్చినప్పుడు పరికరాలు తీసుకొని వెళ్ళిందీ వాళ్ళే. సునామీ హెచ్చరికల కేంద్రం కూడా హైదరాబాద్‌లోనే ఉంది. కేంద్ర పరిశోధనా సంస్థలను పాఠశాలలతో కలిపే జిజ్ఞాస కార్యక్రమం 2017లో కేంద్రీయ విద్యాలయాలతో మొదలైంది. అది మంచి పని. అయితే మా బడి నుంచి ఉప్పల్ వెళ్ళి రావాలంటే పిల్లలకు ఒక పగలంతా బస్సులోనే సరిపోతుంది. నేల కదిలింది మాత్రం మా దగ్గర.

ఎందుకు మా దగ్గర కదిలిందన్నది నలభై ఒక్క ప్రశ్నల్లో మొదటిది. దానికి సమాధానం మా పిల్లల ఇళ్ళల్లోనే ఉంది. మా బడిలో సింగరేణి కార్మికుల మనవలున్నారు. గోదావరి లోయ చాలా పాతకాలపు భ్రంశ లోయ. కోట్ల ఏళ్ళ కిందట భూమి పైపొర సాగి, పగిలి, మధ్య భాగం కుంగింది. కుంగిన చోట వాగులు ఒండ్రు పోశాయి, అడవులు కూరుకుపోయాయి. అవే బొగ్గయ్యాయి. మీ తాత దిగిన గని ఎక్కడినుంచి వచ్చిందో, ఆ రోజు నేల కదలడం కూడా అక్కడినుంచే వచ్చిందిరా అని చెప్పినప్పుడు తరగతి గదిలో పడిన నిశ్శబ్దం నేను మరచిపోలేను. ఆ పాత పగుళ్ళ మీద, భారత పలక ఉత్తరానికి నెట్టుకుంటూ పోయే ఒత్తిడి ఇప్పటికీ పడుతోంది. జపాన్ పటం చూపిస్తే పిల్లలు చూసి ఊరుకుంటారు. గోదావరిని చూపిస్తే ఇంటికి వెళ్ళి చెబుతారు.

అలా చెప్పిన ఒక అబ్బాయి మరునాడు తన నానమ్మ మాట మోసుకొచ్చాడు. ఆవిడ పుట్టిల్లు భద్రాచలం దగ్గర. 1969లో అక్కడ నేల ఊగినప్పుడు గూట్లో దీపం కిందపడిందట. చంటిపిల్లను చంకన వేసుకొని ఆ రాత్రంతా గుడి ముందు కూర్చున్నారట. 1969 ఏప్రిల్ 13 నాటి భద్రాచలం భూకంపం పరిమాణం 5.7. మా ప్రాంతానికి సంబంధించిన శాస్త్రీయ సమాచారం ఒక ముసలమ్మ జ్ఞాపకంలో యాభై అయిదేళ్ళుగా పడి ఉంది. ఆ గోడలు ఎటువైపు పగిలాయి, బావి నీళ్ళు మారాయా, చప్పుడు ముందు వచ్చిందా ఊగడం ముందు వచ్చిందా అని అడిగి రాసుకుంటే, యంత్రాలు తక్కువగా ఉన్న కాలం గురించి శాస్త్రవేత్తలకు పనికొచ్చే సమాచారం పిల్లలే పోగుచేస్తారు. ఏం అడగాలో శాస్త్రవేత్త చెప్పాలి. ఎలా అడగాలో మేం చెప్పగలం. ఆ ముసలమ్మలు ఇంకెంతకాలం ఉంటారు?

ఇప్పుడు నా తరగతిలో జరిగిన ఒక చిన్న సంగతి చెప్పాలి. సెల్‌ఫోను తెరను తిప్పితే బొమ్మ కూడా తిరుగుతుంది కదా. ఫోను లోపల త్వరణాన్ని కొలిచే చిన్న పరికరం ఉండడమే దానికి కారణం. ఆ కొలతలను గీతగా చూపించే ఫైఫాక్స్ అనే ఉచిత అనువర్తనం ఉంది. నా ఫోనులో దాన్ని తెరిచి బల్ల మీద పెట్టాను. పిల్లలను గోడకు ఆనుకొని కదలకుండా నిలబడమన్నాను. గీత దాదాపు సమంగా సాగింది. ఎనిమిదో తరగతి అమ్మాయిని బల్ల పక్కన గెంతమన్నాను. గీత ఎగిసిపడింది. రెండడుగులు వెనక్కి వెళ్ళి గెంతమన్నాను. ఈసారి చిన్నగా లేచింది. గది చివర నుంచి గెంతితే కనీకనిపించనట్టు వణికింది. ఆ అమ్మాయి చాలాసేపు తెర వైపే చూసి, "నేను గెంతితే నేలకు తెలుస్తుందా సార్?" అని అడిగింది. తెలుస్తుందమ్మా అన్నాను. ఆ రోజు బడి వదిలాక కూడా నలుగురు ఇంటికి వెళ్ళలేదు.

ఆ పూటే ఇంకో ముడి కూడా విప్పగలిగాం. మన పత్రికలు, టీవీలు 'రిక్టర్ స్కేలుపై తీవ్రత 5.3' అంటాయి. ఒక పిల్లవాడు అడిగాడు: "హైదరాబాద్‌కీ 5.3 అన్నారు, మనకీ 5.3 అన్నారు. మరి మనకే ఎక్కువ ఊగింది కదా సార్?" వాడి అనుమానం నూటికి నూరుపాళ్ళు సరైనది. భూకంపం పుట్టిన చోట విడుదలైన శక్తిని చెప్పేది పరిమాణం. అది ఒక్కటే అంకె. ఒక్కో ఊళ్ళో ఎంత ఊగిందన్నది తీవ్రత. అది ఊరూరికీ మారుతుంది. జాతరలో డోలు ఒక్కటే. గద్దెల దగ్గర నిలబడితే గుండె అదురుతుంది, జంపన్న వాగు అవతల నిలబడితే చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. తెలుగులో రెండు వేర్వేరు సంగతులకు ఒకే మాట వాడడం వల్ల వచ్చిన గందరగోళమిది. దీన్ని సరిదిద్దడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. పాఠ్యపుస్తకం రాసేటప్పుడు ఒక భూకంప శాస్త్రవేత్త, ఒక తెలుగు మాధ్యమ ఉపాధ్యాయుడు పక్కపక్కన కూర్చుంటే చాలు.

మన పుస్తకాల్లో భూకంపం సాంఘిక శాస్త్రంలో వస్తుంది, తరంగాలు తొమ్మిదో తరగతి భౌతిక శాస్త్రంలో ధ్వని పాఠంలో వస్తాయి, వృత్తాలు గీయడం గణితంలో ఉంటుంది. మూడు ఊళ్ళలోని యంత్రాలు చెప్పిన దూరాలతో వృత్తలేఖినితో మూడు వృత్తాలు గీస్తే, అవి కలిసే చోటే అధికేంద్రం, అంటే భూకంపం పుట్టిన చోటుకు సరిగ్గా పైన ఉన్న నేల. ఒక్క గంటలో మూడు సబ్జెక్టులు చేతికొస్తాయి. హైదరాబాద్ నుంచి మేడారం తిన్నగా రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. అంటే అక్కడి యంత్రంలో రెండు తరంగాల మధ్య పాతిక సెకన్లకు పైగా తేడా ఉండాలి. నిజంగా ఉందా? ఆ రోజు ఉప్పల్‌లో నమోదైన గీతను మా పిల్లల చేతికిస్తే వాళ్ళే స్కేలు పెట్టి కొలుస్తారు. పన్నెండు సమాధానం లేని ప్రశ్నల్లో ఇదొకటి.

ఇది నా ఊహ మాత్రమే కాదు. నేపాల్‌లో జరుగుతున్న పనే. 2015 ఏప్రిల్ 25న అక్కడ భూకంపం వచ్చింది శనివారం మధ్యాహ్నానికి కొద్ది నిమిషాల ముందు. శనివారం అక్కడ బడులకు సెలవు. వేల తరగతి గదులు కూలినా వాటిలో పిల్లలు లేరు. అది అదృష్టం. తరువాత నేపాల్‌కే చెందిన ఒక పరిశోధకుడు, స్విట్జర్లాండ్‌లోని లోజాన్ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో, పశ్చిమ నేపాల్ బడులతో కలిసి పని మొదలుపెట్టాడు. ఇరవైకి పైగా పాఠశాలల్లో చవకైన భూకంప లేఖినులు పెట్టారు. ఉపాధ్యాయులను పిలిచి శిక్షణ ఇచ్చారు. నేపాలీలో పాఠాలు తయారు చేశారు. కార్యక్రమానికి ముందూ తరువాతా విద్యార్థులకు ప్రశ్నావళి ఇచ్చి, అవగాహన పెరిగిందని అంకెలతో చూపించారు. ఆ బడుల యంత్రాలు నమోదు చేసిన కంపనాలు శాస్త్రవేత్తలకు కూడా పనికొస్తున్నాయి. ఆ పెట్టెలో ఉండేది నేల కదలికను పసిగట్టే ఒక జియోఫోను, ఒక చిన్న కంప్యూటర్. ధర ఒక మామూలు ల్యాప్‌టాప్‌కు అటూ ఇటూ. కింది అంతస్తులో, పిల్లలు పరుగెత్తని మూల, గట్టి గచ్చు మీద పెడితే చాలు.

అలాంటిది మాకు ఇస్తే ఏం చేస్తామని మీరు అడగవచ్చు. భూపాలపల్లి, మణుగూరు వైపు ఓపెన్‌కాస్ట్ గనులున్నాయి. డిసెంబర్ తరువాత, గనిలో పేలుడు పెట్టినప్పుడల్లా ఆ చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలు ఉలిక్కిపడుతున్నారని అక్కడి తోటి ఉపాధ్యాయులు చెప్పారు. యంత్రం గీసిన గీతలో పేలుడు ఎలా ఉంటుంది, ప్రకంపన ఎలా ఉంటుంది అన్నది రెండు నెలల్లో పిల్లలు గుర్తుపడతారు. భయపడే పిల్లవాడు గీత చూసి పోల్చుకునేవాడవుతాడు. ఇంటికి వెళ్ళి, "ఇది పేలుడేనమ్మా, నేను చూశాను" అని చెప్పేవాడవుతాడు.

ఆ భయం ఎంత సులభంగా అమ్ముడుపోతుందో 2025 ఏప్రిల్‌లో చూశాం. రామగుండం ప్రాంతంలో భారీ భూకంపం రాబోతోందని ఒక సందేశం ఫోన్లలో తిరిగింది. పరీక్షల రోజులవి. పిల్లలు నా దగ్గరికి వచ్చి ఆ సందేశం చూపించారు. ఫలానా రోజున ఇంత పరిమాణంలో ఇక్కడ భూకంపం వస్తుందని ముందే చెప్పే పద్ధతి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదని చెప్పాను. మే 5న ఉత్తర తెలంగాణలో 3.8 పరిమాణంతో ఒక ప్రకంపన వచ్చింది. అంతే, "చూశారా, చెప్పినట్టే వచ్చింది" అన్నారు హోటల్ దగ్గర. పరిమాణంలో ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన మే 5 నాటిది, ములుగు భూకంపం శక్తిలో నూట డెబ్బయ్యో వంతు కూడా కాదు. 'భారీ' అన్న మాట ఎక్కడ, ఇది ఎక్కడ? ఈ లెక్క వేయగలిగిన పదో తరగతి పిల్ల ఒక్కతి ప్రతి ఇంట్లో ఉంటే ఆ సందేశం వాకిలి దాటి లోపలికి రాదు. కానీ నా మాటకు బలం కావాలి. ఆ పూట ఫోను ఎత్తి, "అవును మాస్టారూ, అది పుకారే, పిల్లలతో నేను మాట్లాడతాను" అనే శాస్త్రవేత్త ఒకరు మాకు ఉండాలి.

ఇక అన్నిటికంటే నా మనసును తొలిచేసే విషయానికి వస్తాను.

ములుగు భూకంపం తెల్లవారాక, అందరూ లేచి ఉన్నప్పుడు, బడులకు రెండు గంటల ముందు వచ్చింది. ఎప్పుడూ అలాగే రాదు. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలోని కిల్లారిలో తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు వచ్చింది. ముందు రోజే వినాయక నిమజ్జనం. జనం అలసి నిద్రపోతున్నారు. పరిమాణం 6.2. పదివేల మంది దాకా పోయారు. అప్పటి భూకంప మండలాల పటంలో ఆ ప్రాంతం అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న మొదటి మండలంలో ఉంది. మనుషులను చంపింది మందపాటి రాతి గోడలు, వాటి మీద ఏళ్ళ తరబడి పోసిన మట్టి కప్పుల బరువు. మా జిల్లాలో ఏటూరునాగారం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ కింద ఆశ్రమ పాఠశాలలున్నాయి, కస్తూర్బా విద్యాలయాలున్నాయి, గురుకులాలున్నాయి. తెల్లవారుజామున 3.56కు ఆ పిల్లలు ఇంట్లో ఉండరు, మన సంరక్షణలో ఉంటారు. ఒక బాలికల వసతి గృహానికి నేను వెళ్ళినప్పుడు చూశాను. మంచాల పక్కనే ట్రంకు పెట్టెలు ఒకదాని మీద ఒకటి మూడు వరుసల ఎత్తున ఉన్నాయి. రాత్రి గ్రిల్ గేటుకు తాళం పడుతుంది. ఆడపిల్లల భద్రత కోసమే ఆ తాళం, తప్పుపట్టను. కానీ తాళంచెవి ఎక్కడుంటుందని అడిగితే ముగ్గురు మూడు సమాధానాలు చెప్పారు.

పెట్టెలు కిందికి దించడానికి నిధులు అక్కర్లేదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో తేల్చడానికి నిధులు అక్కర్లేదు. చీకట్లో, నిద్రమత్తులో లేచిన పిల్ల ఏం చేయాలో ఏడాదికి రెండు రాత్రులు నిజంగా చేయించి చూడాలి. ఊగుతున్నప్పుడు పరుగెత్తడమా, ఉన్నచోటే తల కాచుకోవడమా? స్లాబు గదికి ఒక జవాబు, పెంకుల కప్పుకు ఇంకొకటి కావచ్చు. గుంపుగా మెట్ల మీద పడితే తొక్కిసలాటే ప్రాణం తీస్తుంది. 2001 జనవరి 26న గుజరాత్‌లోని అంజార్‌లో గణతంత్ర దినోత్సవ ఊరేగింపుగా ఇరుకు వీధిలో నడుస్తున్న బడిపిల్లల మీద ఇరువైపులా ఇళ్ళు కూలాయి. 185 మంది పిల్లలు, 20 మంది ఉపాధ్యాయులు పోయారు. ఆ సంఖ్య చదివినప్పుడల్లా నేను ఆ ఇరవై మంది గురించి ఆలోచిస్తాను. వాళ్ళూ నాలాంటివాళ్ళే. పిల్లలను వరుసలో నడిపిస్తూ ఉండి ఉంటారు.

జపాన్‌లోని కమాయిషి పట్టణంలో ఒక విశ్వవిద్యాలయ ఆచార్యుడు అక్కడి ఉపాధ్యాయులతో ఏళ్ళ తరబడి కూర్చొని సునామీ పాఠాలు తయారు చేశారు. 2011 మార్చి 11న ఆ పట్టణంలో దాదాపు మూడు వేల మంది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాల విద్యార్థుల్లో అత్యధికులు బతికారు. ఉన్నత తరగతుల పిల్లలు చిన్నపిల్లల చేయి పట్టుకొని కొండ మీదికి పరుగెత్తారు. ఏళ్ళ తరబడి అన్న మాటను మీరు దయచేసి గమనించాలి.

ఇక ఇళ్ళు ఎలా కట్టాలో చెప్పే పాఠానికి మా ప్రాంతంలోనే మంచి నమూనా ఉంది. పాలంపేటలో రామప్ప గుడి ఉంది. 2021లో యునెస్కో గుర్తించాక అందరూ వచ్చి నీళ్ళ మీద తేలే ఇటుకల గురించి ఆశ్చర్యపోతున్నారు. నేను పిల్లలను అక్కడికి తీసుకెళ్ళి అడిగే ప్రశ్న ఒక్కటే: తేలిక ఇటుకలను శిఖరానికే ఎందుకు వాడారు? బలం అంటే ద్రవ్యరాశి, త్వరణాల లబ్ధం. నేల ఊగినప్పుడు పైన ఎంత బరువుంటే అంత బలం గోడల మీద పడుతుంది. కిల్లారి కప్పు బరువు, రామప్ప శిఖరం తేలిక. ఇక పునాదిలోని ఇసుక గురించి అడిగితే నేను ఆగిపోతాను. అది కదలికను ఎంతవరకు మింగుతుందో ఒక నిర్మాణ ఇంజనీరు వచ్చి, ఇసుక పళ్ళెంలో చూపించి చెప్పాలి. వరంగల్‌లో జాతీయ సాంకేతిక విద్యా సంస్థ ఉంది. మా ఊరికి గంటన్నర దూరం.

కాబట్టి అయ్యా, నా కోరిక ఇది. భూభౌతిక పరిశోధనా సంస్థతో మీ శాఖ కనీసం అయిదేళ్ళ ఒప్పందం చేసుకోవాలి. ములుగు, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో ఇరవై బడులను ఎంచుకోవాలి. వాటిలో సగమైనా ఆశ్రమ పాఠశాలలు, కస్తూర్బాలు ఉండాలి. ఒక్కో బడికి ఒక యంత్రం, ఇద్దరు ఉపాధ్యాయులు, పేరుతో ఒక శాస్త్రవేత్త. ఇద్దరు అన్నది ఎందుకంటే, ఒక్కరే అయితే బదిలీ రాగానే యంత్రం మీద దుమ్ము పేరుకుంటుంది. ఏడాదికి ఒకసారి ఆ నలభై మంది ఉపాధ్యాయులను వారం రోజులు ఉప్పల్‌కు పిలవండి, ఆ వారాన్ని విధి నిర్వహణగా లెక్కించండి. మేం తిరిగి వచ్చి స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో మిగిలినవారికి చెబుతాం. పాఠాలు తెలుగులో మొదటినుంచీ రాయాలి. ఇంగ్లీషు నుంచి దించిన కరపత్రం మా పిల్లల నోట పలకదు. ఇంట్లో కోయ మాట్లాడే చిన్న తరగతుల పిల్లలకు ఆ భాషలో కూడా కావాలి. ఈ పని ఇంకో నివేదికగా, రోజూ ఫోటోలు ఎక్కించే ఇంకో అనువర్తనంగా మాత్రం రాకూడదని చేతులెత్తి వేడుకుంటున్నాను. అలా వచ్చినవి ఎలా ముగుస్తాయో మీకూ తెలుసు, మాకూ తెలుసు.

శాస్త్రవేత్తలకు కూడా ఒక మాట. మీరు వచ్చేటప్పుడు సిద్ధం చేసిన ఉపన్యాసంతో రాకండి. ముందు రోజు వచ్చి పిల్లలతో మధ్యాహ్న భోజనం చేయండి, గదులన్నీ ఒకసారి తిరగండి. వాళ్ళు అడిగే ప్రశ్నలో సగం సైన్స్ ఉంటుంది, సగం భయం ఉంటుంది. రెండింటికీ జవాబు చెప్పాలి.

పిల్లల నోటు పుస్తకం నకలు ఈ లేఖతో జతచేసి మీ కార్యాలయానికి పంపుతున్నాను. సమాధానం రాని పన్నెండు ప్రశ్నల పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను. ముప్పై ఎనిమిదో ప్రశ్న ఆరో తరగతి అబ్బాయిది. వాడు వసతి గృహంలో ఉంటాడు, పోలియో వల్ల ఒక కాలు సరిగా పనిచేయదు. వాడి రాతలోనే ఉంచాను, అక్షర దోషం కూడా దిద్దలేదు: "అందరూ పరుగెత్తినపుడు నేను ఎం చేయాలి సార్?"

ఇట్లు,
భౌతిక రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, ములుగు జిల్లా